గోథిక్ నవలలో పేరాశ, పగ

పాడుబడ్డ కోటలు, సొరంగాలు, దయ్యాలు గోథిక్ నవలకు పైహంగులు. కథను నడిపేది మాత్రం చాలాచోట్ల హద్దెరగని ఆశ, చల్లారని పగ.

హొరేస్ వాల్పోల్ 1764లో వెలువరించిన 'ది కాసిల్ ఆఫ్ ఒట్రాంటో'ను ఈ కోవలో మొదటిదిగా లెక్కిస్తారు. మాన్‌ఫ్రెడ్ ఏలుతున్న రాజ్యం, అతని తాత అసలు ప్రభువుకు విషం పెట్టి కాజేసినది. పెళ్లిరోజే కొడుకు చనిపోవడంతో వంశం నిలవాలన్న ఆత్రం కొద్దీ కోడలు కావలసిన పిల్లనే పెళ్లాడబోతాడు. చివరికి ఆమే అనుకుని కన్నకూతురిని పొడుస్తాడు. విలియం బెక్‌ఫర్డ్ 'వాథెక్' (1786), మాథ్యూ లూయిస్ 'ది మాంక్' (1796) కూడా ఇంతే: దారితప్పిన వాణ్ణి శిక్షించడానికి ఏదో ఒక అతీతశక్తి దిగివస్తుంది.

మేరీ షెల్లీ 'ఫ్రాంకెన్‌స్టైన్'లో ఆ శక్తికి పనిలేదు. 1816 వేసవిలో జెనీవా సరస్సు ఒడ్డున, బైరన్ విసిరిన దయ్యాలకథల పందెంతో పద్దెనిమిదేళ్ల మేరీ మొదలుపెట్టిన ఈ నవల 1818 జనవరిలో రచయిత్రి పేరు లేకుండా అచ్చయింది. ఇంగోల్‌స్టాట్‌లో చదువుకునే విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ నిర్జీవ దేహానికి ప్రాణం పోస్తాడు. అది కళ్లు తెరవగానే జడిసి గదిలోంచి పారిపోతాడు. అతని నేరం ప్రాణం పోయడమా, పోసి వదిలేయడమా? నవల మొగ్గు రెండోదానివైపే. ఎందుకంటే మధ్యభాగమంతా ఆ జీవి తన గోడు తానే చెప్పుకుంటుంది: ఒక కుటుంబాన్ని చాటునుంచి చూసి మాటలు నేర్చింది, మిల్టన్ కావ్యం చదివింది, ఆదరణ కోసం వెళ్లి దెబ్బలు తింది. పగ పుట్టింది ఆ తర్వాతే.

దానికి బలైనవాళ్లలో ఎవరికీ విక్టర్ ప్రయోగంతో సంబంధం లేదు. పసివాడైన తమ్ముడు విలియం, ఆ హత్యానేరం మీదపడి ఉరికెక్కిన జస్టిన్, స్నేహితుడు క్లెర్వాల్, పెళ్లిరాత్రే హతమైన ఎలిజబెత్. ఆ పైన విక్టర్ కూడా పగ కోసమే బతుకుతాడు. తనను తరుముకుంటూ ఉత్తర ధ్రువ మంచులోకి వచ్చే అతని కోసం ఆ జీవి గుర్తులు, తిండి కూడా వదిలి వెళుతుంది. వేట ఆగడం దానికీ ఇష్టం లేదు.

విక్టర్ కథను రాసుకునే నావికుడు వాల్టన్ ఒక్కడే వెనక్కి మళ్లుతాడు. అదీ బుద్ధి తెచ్చుకుని కాదు, ఓడ సిబ్బంది పట్టుబట్టడంతో. చావుబతుకుల్లో ఉన్న విక్టర్ పేరాశ వద్దని అతనికి హితవు చెబుతూనే, తాను ఓడినచోట మరొకరు నెగ్గవచ్చని అంటాడు. 1831 నాటి సవరించిన ముద్రణలో విధి ప్రస్తావన పెరిగి విక్టర్ బాధ్యత కొంత పలచబడింది. 1818 పాఠమే నిక్కచ్చి.

ఎడ్గార్ అలన్ పో 'ది కాస్క్ ఆఫ్ అమొంటిలాడో' (1846)లో పగ తీర్చుకున్నవాడు యాభై ఏళ్ల తర్వాత కూడా ఆ హత్యను పూసగుచ్చినట్టు చెబుతాడు. ఎమిలీ బ్రాంటీ 'వుదరింగ్ హైట్స్' (1847)లో హీత్‌క్లిఫ్ ఆయుధాలు తాకట్టు పత్రాలు, బలవంతపు పెళ్లి. వాటితో రెండు ఇళ్ల ఆస్తులూ లాక్కుంటాడు. శత్రువు కొడుకు హేర్టన్‌ను చదువు లేకుండా మొరటుగా పెంచుతాడు. తీరా అంతా చేతికొచ్చాక నాశనం చేయాలన్న కోరికే అతనిలో చచ్చిపోతుంది. అతను పోయాక పూర్వీకుల ఇల్లు హేర్టన్‌కే దక్కుతుంది.