గాజుతొట్టి అతుకులు



ఖానాపూరునుండి ఒక వృద్ధోపాధ్యాయుడు చరిత్ర ప్రసంగము చేయునని వినగానే, 1891-92లో మా ప్రక్కన గోదావరిపై కట్టిన సదర్మాటు ఆనకట్టనుగూర్చియో, నిర్మల కోటబురుజులనుగూర్చియో చెప్పునని మీరు తలంచియుందురు. నేను చెప్పబోవునది మూడడుగుల గాజుతొట్టినిగూర్చి. చేపలను పెంచి చూచి సంతోషించుటకు ఇండ్లలో పెట్టుకొను తొట్టి యది. నాకు దొరికినది ఒకరు వాడి విడిచినది. అది కారినది. దానిని బాగుచేయబోయి నేను రెండుమార్లు తప్పితిని. ఆ తప్పులవలన, అతుకులలో నీటిని నిలుపుటకు మనుష్యులు ఎన్ని యుగములనుండి పాటుపడుచున్నారో కొంత తెలిసికొంటిని.

పోయిన యేటి వేసవిలో నా మనుమడు సెలవులకు వచ్చెను. వానికొఱకు నిర్మలలో దుకాణము మూసివేయుచున్న యొకనియొద్ద ఆ తొట్టిని చౌకగా కొంటిని. పొడవు మూడడుగులు, వెడల్పు అడుగు, ఎత్తు అడుగుంబావు. నిండ నీరు పోసినచో నూఱు కిలోలకు మించును. పంతులునని పేరేగాని ఆ లెక్క అప్పుడు వేయనైతిని. చూచుటకు ఎత్తుగా నుండునని మా తండ్రిగారి పుస్తకముల పెట్టెమీద దానిని నిలిపితిని. మూడవనాటి రాత్రి అడుగు అతుకు విడిచినది. తెల్లవాఱునప్పటికి సగము నీరు పెట్టెలోనికి దిగియుండెను. చేపలు అయిదింటిని గంగాళములోనికి మార్చితిమి, రెండు దక్కలేదు. మనుమడు నాతో రెండు దినములు మాటలాడలేదు.

పెట్టెలోని అచ్చుపుస్తకములు ఆరినవి. మా తండ్రిగారు స్వహస్తముతో శతకములకు వ్రాసికొన్న టిప్పణముల పుస్తకములో మాత్రము పదునొకండు ఆకులమీద సిరా అలికిపోయినది. ఆ నష్టమునకు కర్తను నేనే.

ముందుగా నేను చేసినపని యేమన, తొట్టిని వెలుపల తుడిచి, కారినచోట వెలుపలనే అంగడిలో దొరికిన జిగురుముద్దను దట్టముగ పూసితిని. సగమువఱకు నీరు నిలిచెను. ఆపైన మరల బొట్లు. మా వీధిలో వెనుకటి నీరటి యొకడు కలడు. చెఱువు కట్టమీదనే తల నెఱసినవాడు. అతడు చూచి నవ్వి, “పంతులూ, కట్టకు బుంగ పడితే బయటికెల్లి మన్ను పోస్తే ఆగుతదా? నీళ్లున్న దిక్కు జూడాలె” అనెను.

ఈ మాట మీలో చెఱువు క్రింద సేద్యము చేసినవారికి క్రొత్త కాదు. కట్ట వెనుక నీరు ఊరుచున్నప్పుడు నీరటి లోపలిప్రక్క నీటిమీద సుడి యెక్కడ తిరుగుచున్నదో చూచును. అక్కడ మునిగి గడ్డియు బంకమన్నును కుక్కును. అప్పుడు నీటి త్రోపే ఆ మన్నును బుంగలోనికి అదిమిపట్టును. వెలుపల పూసినదానినో, అదే త్రోపు ఊడదన్నును. మా ప్రక్కనున్న కడెము ప్రాజెక్టు 1958లో తెగినది బుంగవలన గాదు, వరద కట్టపైకి పొరలి. అది వేఱు రోగము, దాని మందు వేఱు. నా తొట్టిది బుంగరోగమే. అందులో ఇంకొక విశేషము: నీటి త్రోపు లోతునుబట్టియే కాని వెడల్పునుబట్టి కాదు. అడుగుంబావు లోతున నా తొట్టి అతుకుమీద అంగుళమునకెంత త్రోపో, పెద్దచెఱువులో అంతే లోతున కట్టమీదను అంతే.

కుండకు అతుకు లేదు గనుక అతుకు కారుటయు లేదు. రాజులు చేపలను వినోదముగ గాలముతో పట్టుట మనదేశమున ప్రాచీనమే. కల్యాణి చాళుక్యుడైన సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో రచించిన మానసోల్లాసమున మత్స్యవినోదమని ఒక ప్రకరణమే కలదు. ఐనను వారు చూచినది పైనుండి. ప్రక్కనుండి చూడవలెనన్న గాజుపలకలు కావలెను, పలకలను అతుకవలెను. ఈ పని పందొమ్మిదవ శతాబ్దిలో మొదలైనది. 1832లో సిసిలీ ద్వీపమున విల్ప్రో పవర్ అను ఫ్రెంచి స్త్రీ సముద్రజీవులను పరిశీలించుటకు గాజుపెట్టెలు చేయించెను. 1845లో ఇంగ్లండున గాజుమీది పన్ను తీసివేసిరి. గాజు సామాన్యులకు అందినది. 1850లో వారింగ్టన్ అను రసాయనజ్ఞుడు చేప, నీటిమొక్క, నత్త ఈ మూడును ఒకేతొట్టిలో ఒకదానినొకటి పోషించుకొని బ్రదుకునని ప్రకటించెను. 1853లో లండను జంతుశాలలో మత్స్యగృహము తెఱచిరి. మఱుసటియేట గాస్ అనునాతడు వ్రాసిన గ్రంథమువలన ‘అక్వేరియము’ అను పేరు ఇంటింట వ్యాపించెను. మన దక్షిణదేశమున 1909లో చెన్నపట్టణపు సముద్రతీరమున అట్టి మత్స్యశాల యొకటి తెఱవబడెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున అది మూతపడినది.

ఆ నాటి తొట్లకు ఇనుపచట్రము, రాతిపలక అడుగు, నాలుగు ప్రక్కల గాజు. సందులలో పెట్టినది పుట్టీ, అనగా అవిసెనూనెతో మర్దించిన సుద్దపొడి. గట్టిదనమునకై కొందఱు అందులో సీసపు సిందూరమును కలిపెడివారు. అది చేపలకును మనుష్యులకును విషమని మఱువరాదు. అవిసెనూనె గాలిని పీల్చుకొని గట్టిపడును. ఏండ్లు గడచినకొలది పెళుసై బీటలువాఱును. వాడుక మాని ఎండబెట్టిన తొట్టి మఱింత త్వరగ చెడును. చేయి మాఱిన తొట్లు కారునని అపకీర్తి వచ్చుటకు ఇది యొక కారణము.

తడిసిన పుస్తకములను నీడను ఆరబెట్టుచుండగా వరాహమిహిరుని బృహత్సంహిత చేతికి వచ్చెను. అందు వజ్రలేపమను అధ్యాయము కలదు. చిన్నప్పుడు గురువులయొద్ద ఆ శ్లోకములను వల్లించితిని. అర్థముకొఱకు ఒకనాడును నిలువలేదు. ఆఱవ శతాబ్దినాటి ఆ గ్రంథములో చెప్పిన పాక మిది: తుమికి పచ్చికాయలు, వెలగ పచ్చికాయలు, బూరుగుపూలు, అందుగు గింజలు, ధన్వనపు పట్ట, వస, వీనిని ద్రోణమెడు నీట వేసి ఎనిమిదవ పాలు మిగులువఱకు కాచవలెను. దానిలో సరళవృక్షపు బంక, గుగ్గులు, నల్లజీడి, గుగ్గిలము మొదలగువానితోపాటు అవిసెయు మారేడును నూఱి కలుపవలెను. వేడిగా నున్నప్పుడే దేవాలయములకు, విగ్రహములకు, గోడలకు, బావులకు పూయవలెను. కోటియేండ్లు నిలుచునని ఫలశ్రుతి. కోటి మాట కవిసమయమనుకొందము. కాని చూడుడు: పుట్టీలోని అవిసె యిక్కడను ఉన్నది. అదే అధ్యాయమున మయుడు చెప్పినదిగా మఱియొక యోగము కలదు. సీసము ఎనిమిది పాళ్లు, కంచు రెండు, ఇత్తడి ఒకటి. సిందూరములోని సీసమును ఉన్నదన్నమాట. ఇక తుమికిజాతి కాయల రసమును బంగాళదేశపు పడవవారు పడవ సందులకును వలలకును పట్టించుట ప్రసిద్ధమే. తుమికి, అందుగు, బూరుగు, నల్లజీడి మా ఖానాపూరు అడవులలో నేటికిని దొరకును. ఒకసారి కాచిచూతమా యని మనసు లాగినది. నల్లజీడి చర్మమును పొక్కించునని జ్ఞప్తికి వచ్చి, చేపలపై దయతో మానితిని.

నిర్మల బొమ్మలు చేయు నకాషీవారు పొనికికొయ్య ముక్కలను అతుకుటకు చింతగింజల జిగురును ఱంపపుపొట్టుతో కలిపి వాడుదురు. చక్కని అతుకు, కాని నీటికి కాదు. నీటికొఱకు ఇంకను ప్రాచీనులు వాడినది శిలాజతువువంటి నల్లని తారు. సింధునదీతీరమున మొహంజొదారోలో సుమారు నాలుగువేల అయిదువందల యేండ్లనాటి పెద్ద స్నానకుండము 1920 తరువాతి త్రవ్వకములలో బయటపడినది. పండ్రెండు మీటర్ల పొడవు, ఏడు వెడల్పు. దాని గోడలో ఇటుకల వెనుక తారుపూత. అంత పెద్ద కట్టడము చేసినవారుకూడ అతుకునే అనుమానించిరి.

నా తొట్టికి చట్రము లేదు. అయిదు గాజుపలకలు సిలికోను అను రబ్బరువంటి బంకతో అతుకబడినవి. ఆ పదార్థజాతినిగూర్చి ఇంగ్లండులోని నాటింగ్‌హాములో కిప్పింగ్ అను ఆచార్యుడు ఇరువదవ శతాబ్ది మొదట చాల యేండ్లు పరిశోధించెను. అమెరికాలో 1943లో యుద్ధావసరములకై దానిని చేయు కంపెనీ వెలసినది. తొట్లకు దానిని వాడుట 1960 తరువాతి మాట. గొట్టమునుండి పిండగానే సిర్కావాసన వచ్చును. గాలిలోని తేమను పట్టుకొని అది గట్టిపడును. బూజు పట్టకుండ మందు కలిపిన రకము చేపలకు పనికిరాదు, కొనునప్పుడు అడిగి తెలిసికొనవలెను.

నీరటి మాట విని లోపలనుండి పూసితిని. రెండవ తప్పు అక్కడ. కారినచోట మాత్రమే పాతబంకమీద క్రొత్తబంక పూసితిని. ఆరిన సిలికోనుకు క్రొత్తది సరిగ అంటుకొనదు. నీరు పోయగానే రెంటినడుమ దారి చేసికొనెను. మూడవమాఱు, పలకలను నిలిపిన అసలు అతుకులను కదపక, లోమూలలలోని బంకపట్టీని నాలుగు ప్రక్కలను మంగలికత్తి రేకుతో కోసి తీసివేసితిని. స్పిరిటుతో తుడిచితిని, మఱల వ్రేలు తగులనీయలేదు, వ్రేలి జిడ్డు చాలును అతుకును చెఱచుటకు. ఇరుప్రక్కల కాగితపుపట్టీ అంటించి, నడుమ ఆపక ఒక్కధారగ బంకను పిండి, వ్రేలితో అదిమి, ఆరకముందే కాగితమును లాగితిని. రెండుమూడు దినములు చాలునందురు. నేను ఏడు దినములు ఆగితిని. నమ్మకము లేక.

తరువాత వాకిట చదునుబల్లమీద తెల్లని థర్మకోలు పలక పఱచి, దానిక్రింద వార్తాపత్రిక వేసి, మొదటినాడు పావు, రెండవనాడు అర, మూడవనాడు ముప్పావు, నాలుగవనాడు నిండ నీరు పోసితిని. ప్రతి ఉదయమును మనుమడు వంగి కాగితమును తడవి చూచెడివాడు.

మిగిలిన మూడు చేపలు దసరాకు ముందే తొట్టిలోనికి వెళ్లినవి. తొట్టి యిప్పుడు షాబాదు బండమీద నున్నది. మా తండ్రిగారి పెట్టెను వేఱు గదికి మార్చితిని. అలికిపోయిన పదునొకండు ఆకులలో నాలుగింటిని ఆయన పాఠము చెప్పిన తీరును తలచుకొని మరల వ్రాసితిని. తక్కిన యేడింటిమీద నీలిమరక తప్ప ఏమియు లేదు. వానిని కుట్టు విప్పక అట్లే యుంచితిని. తొట్టిక్రింద వార్తాపత్రికను నేటికిని నెలకొకమాఱు మార్చుచున్నాను. పోయిన సోమవారము తీసినదియు పొడిగనే యున్నది.