పదేళ్ళ అజ్ఞాతవాసం

తిక్కన భారత రచనను విరాటపర్వంతో మొదలుపెట్టాడు. యుద్ధం ఇంకా రాలేదు. గాండీవం జమ్మిచెట్టు మీద ఉంది. అర్జునుడు బృహన్నలగా ఉత్తరకు ఆట నేర్పుతున్నాడు, భీముడు వంటింట్లో గరిటె తిప్పుతున్నాడు. బలం ఉండీ బయటపడకూడని ఆ ఒక్క ఏడాది కథంటే మనవాళ్ళకు ఎంత మమకారమంటే, వానలు ముఖం చాటేస్తే ఊళ్ళో విరాటపర్వమే చదివించేవారు. బుల్లితెర సూపర్‌హీరోల డెబ్భై ఏళ్ళ చరిత్రను వెనక్కి తిరిగి చూస్తే నాకు ఆ జమ్మిచెట్టే కనిపిస్తుంది. జనాన్ని ఏళ్ళ తరబడి టీవీ ముందు కూర్చోబెట్టింది ఆయుధం కాదు, దాన్ని దాచుకుని బతికిన మనిషి. ఈ సంగతి టీవీ వాళ్ళకు తెలిసిరావడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

1952లో అమెరికాలో జార్జ్ రీవ్స్ సూపర్‌మ్యాన్‌గా టీవీ తెరకెక్కాడు; మామూలు మనిషిగా తిరిగేటప్పుడు అతను క్లార్క్ కెంట్. కార్న్‌ఫ్లేక్స్ అమ్మే కెల్లాగ్స్ కంపెనీ ఆ కార్యక్రమానికి డబ్బు పెట్టింది. 1958 దాకా 104 భాగాలు వచ్చాయి. మొదటి భాగంలో ఉన్న క్లార్క్ కెంటే చివరి భాగంలోనూ ఉన్నాడు. దొంగ వస్తాడు, దొరుకుతాడు, వారం తిరిగేసరికి పలక తుడిచినట్టు అంతా మొదటికొస్తుంది. ఒక వారం చూడని పిల్లవాడికి కథ తప్పిపోకూడదు, భాగాలను ఏ వరుసలో వేసినా నడవాలి. అప్పటి టీవీ పద్ధతి అది. 1966లో వచ్చిన ఆడమ్ వెస్ట్ బ్యాట్‌మ్యాన్ వారానికి రెండు రాత్రులు నడిచింది. మొదటి రాత్రి వీరుణ్ణి ఉచ్చులో బిగించి వదిలేసేవారు, రెండో రాత్రి విడిపించేవారు. రంగులు, సందడి భలేగా ఉండేవి. కానీ చూసేవాడి ఆత్రమంతా ఎలా తప్పించుకుంటాడన్న దాని మీదే. తప్పించుకున్నాక ఆ మనిషికి ఏమైందని ఎవరూ అడగలేదు.

ఆ ప్రశ్న మొదట నాకు వినిపించింది 1977లో మొదలైన ‘ది ఇన్‌క్రెడిబుల్ హల్క్’లో. బిల్ బిక్స్‌బీ పోషించిన డేవిడ్ బ్యానర్ శాస్త్రవేత్త. కారు ప్రమాదంలో భార్యను కాపాడుకోలేకపోయాడు. ఆ కారును ఎత్తగల బలం తనకెందుకు లేకపోయిందన్న దిగులే అతణ్ణి ప్రయోగానికి నెట్టింది. బలం వచ్చింది, బతుకు పోయింది. ప్రతి వారం ఒక కొత్త ఊరు, ఒక చిన్న పని, నాలుగు మంచి ముఖాలు, ఆ తర్వాత మళ్ళీ రోడ్డు. భుజాన సంచీ, దారిన పోయే బండి కోసం చాచిన చెయ్యి, వెనక పియానో. అతనిలోంచి బయటపడే ఆ పచ్చటి రాక్షసుడు గోడలు పగలగొట్టిన దృశ్యాలు మరిచిపోయినవాళ్ళు కూడా ఆ నడక మరిచిపోరు.

మన దగ్గర 1997లో దూరదర్శన్‌లో ‘శక్తిమాన్’ వచ్చింది. హిందీ మాట సగమే అర్థమైనా మా వీధి పిల్లలం ఒక్కరమూ కదిలేవాళ్ళం కాదు. గిర్రున తిరగడం అందరం చేశాం, పడ్డాం, మోకాళ్ళు చెక్కుకున్నాం. అయితే ఇన్నేళ్ళ తర్వాత నా కళ్ళ ముందు నిలిచేది ఎత్తు పళ్ళ గంగాధర్. అంతకుముందు భీష్ముడిగా మనల్ని నిశ్చేష్టుల్ని చేసిన ముకేశ్ ఖన్నాయే, గుండ్రటి కళ్ళద్దాలు పెట్టుకుని, పత్రికాఫీసులో నలుగురి చేతా నవ్వించుకునేవాడు. 2005 దాకా నడిచిన ఆ సీరియల్లో నాకు దొరికిన బృహన్నల అతనే.

ఇక సూపర్‌మ్యాన్ కుర్రతనం కథ ‘స్మాల్‌విల్’. 2001 అక్టోబరు నుంచి 2011 మే దాకా పది సీజన్లు. దాని సృష్టికర్తలు అల్ఫ్రెడ్ గాఫ్, మైల్స్ మిల్లర్ మొదట్లోనే ఒక నియమం పెట్టుకున్నారు. సూపర్‌మ్యాన్ దుస్తులు ఉండవు, ఎగరడం ఉండదు. అంటే ఆయుధాలను జమ్మిచెట్టెక్కించి కథ మొదలుపెట్టారన్నమాట. మిగిలింది కాన్సాస్‌లో ఒక పొలం, అమ్మానాన్నా, బడి, చెప్పుకోలేని ఒక రహస్యం.

మొదటి భాగంలోనే వంతెన మీద, ముందు ముందు సూపర్‌మ్యాన్‌కు శత్రువు కాబోయే లెక్స్ లూథర్ కారు అదుపు తప్పి క్లార్క్‌ను గుద్దుకుని నదిలో పడుతుంది. క్లార్క్ కారు పైకప్పు చీల్చి అతణ్ణి బయటికి లాగుతాడు. కృతజ్ఞతగా లెక్స్ కొత్త ట్రక్కు పంపిస్తే తండ్రి జొనాథన్ తిప్పి పంపించేయమంటాడు. క్లార్క్ ముఖం చిన్నబోతుంది. కథ మొత్తానికి విత్తనం అక్కడే పడింది. తనను గుద్దిన కారు తప్పుకుపోయిందని క్లార్క్ చెప్పిన అబద్ధాన్ని లెక్స్ నమ్మలేడు, స్నేహాన్ని వదులుకోలేడు. మూడో సీజన్ చివర క్లార్క్ అతని రహస్యపు గది తలుపు తీస్తే లోపల ఆ నుజ్జునుజ్జయిన కారే ఉంటుంది. ప్రాణం పోసినవాడి మీద మూడేళ్ళుగా నిఘా! మైకేల్ రోజెన్‌బామ్ లెక్స్‌ను దుర్మార్గుడిగా మొదలుపెట్టలేదు. తండ్రి ప్రేమకు మొహం వాచిన కుర్రాడిగా మొదలుపెట్టి, అనుమానాన్ని చుక్క చుక్కగా పోసి పెంచాడు. రెండు గంటల సినిమాలో ఇది కుదరదు. పాలు తోడుకోవడానికి రాత్రంతా పట్టాల్సిందే.

జొనాథన్ సంగతీ అంతే. మూడో సీజన్ మొదట్లో, దారి తప్పిన కొడుకును ఇంటికి తెచ్చుకోవడానికి ఆ తండ్రి మోయలేని శక్తిని కాసేపు ఒంట్లోకి తీసుకుంటాడు. గుండె దెబ్బతింటుంది. దాని బాకీ 2006 జనవరిలో, నూరో భాగంలో తీరింది. సొంత ముంగిట్లో, భార్యా కొడుకుల కళ్ళెదుటే ప్రాణం వదిలాడు. నూరు వారాలు ఆ వంటగదిలో అతనితో పొద్దున్నే కాఫీ తాగినట్టు బతికినవాళ్ళకు అది కథలో పాత్ర చావు కాదు. సినిమాల్లో సూపర్‌మ్యాన్‌గా వేసి, 1995లో గుర్రం మీంచి పడి కదలలేని స్థితికి చేరిన క్రిస్టఫర్ రీవ్, 2003లో చక్రాల కుర్చీలో కూర్చుని క్లార్క్‌కు అతని జన్మరహస్యం చెప్పిన భాగమూ ఉంది. పాత సూపర్‌మ్యాన్ కొత్తవాడికి ఇంటి తాళం అప్పగించినట్టు ఉంటుంది.

లోపాలు లేవనను. వారానికొక ఉల్కరాయి రాక్షసుడు విసిగించాడు, క్లార్క్‌కు తోటి అమ్మాయి లానాతో ప్రేమకథ జీడిపాకమైంది. ఏడాదికి ఇరవై రెండు భాగాలు నింపాలంటే నీళ్ళు కలపక తప్పదు. 2014లో మొదలై తొమ్మిది సీజన్లు నడిచిన ‘ది ఫ్లాష్’నూ ఆ జబ్బే పట్టుకుంది. అయినా దాని మొదటి సీజన్ ముగింపు నాకు ప్రాణం. కాలంలో వెనక్కి పరుగెత్తిన కథానాయకుడు బ్యారీ, తల్లిని రక్షించే అవకాశం చేతిలో ఉండి కూడా ఆగిపోతాడు. పోతున్న ఆమె పక్కన కూర్చుని తనెవరో చెప్పి వీడ్కోలు తీసుకుంటాడు. ఇప్పుడు ఓటీటీల్లో సీజన్‌కు ఎనిమిదో తొమ్మిదో భాగాలు. తయారీ నాణ్యంగా ఉంటోంది, నీళ్ళు తగ్గాయి. కానీ ఆ నీళ్ళలోనే కదా మనుషులు భోజనాలు చేసిందీ, అలిగిందీ, ఊరికే కబుర్లాడుకుందీ! మనకు చుట్టరికం కలిసింది అక్కడే.

‘స్మాల్‌విల్’ ముగింపులో క్లార్క్ ఎట్టకేలకు ఎగిరాడు. ఆ దుస్తుల్లో అతణ్ణి దూరం నుంచే చూపించారని అభిమానులు ఇప్పటికీ బాధపడతారు. నన్ను ఎక్కువ కలచివేసింది వేరు. అదే భాగంలో లెక్స్ జ్ఞాపకాలన్నీ చెరిగిపోతాయి. వంతెన, ట్రక్కు, స్నేహం ఏవీ మిగలవు. అన్నీ గుర్తున్నది క్లార్క్ ఒక్కడికే.

2019 డిసెంబరులో ‘స్మాల్‌విల్’లో క్లార్క్‌గా వేసిన టామ్ వెల్లింగ్ మళ్ళీ క్లార్క్‌గా కనిపించాడు, వేరే సీరియల్ కథలో, కొద్ది నిమిషాలే. అదే పొలం. మరో లోకపు లెక్స్, సూపర్‌మ్యాన్ బలం హరించే పచ్చరాయి పట్టుకుని చంపడానికి వస్తాడు. క్లార్క్ ఆ రాయిని చేతిలోకి తీసుకుంటాడు. ఏమీ కాదు. శక్తులన్నీ వదిలేశానని చెబుతాడు, కూతుళ్ళున్నారు మరి. రాయి విసిరేసి, లెక్స్‌ను సాగనంపి, ఇంటివైపు నడుస్తాడు.