కోలారు సీమలో వైద్యవిద్య

కోలారు అనగానే లోకమునకు బంగారము జ్ఞప్తికి వచ్చును. ఇచ్చటివారమైన మాకు దగ్గు కూడ జ్ఞప్తికి వచ్చును. 1880లో జాన్ టెయిలర్ కంపెనీ చేపట్టిన గనులు మూడు వేల మీటర్లకు మించిన లోతునకు దిగి, 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. రాతిధూళి పీల్చినవారికి పట్టిన సిలికోసిస్ మాత్రము గనితో మూతపడలేదు. పని మానిన పిదపను అది ముదురును. పూర్తిగా నయముచేయు మందు నేటికిని లేదు. వేళకు కనిపెట్టి, ఆయాసము తగ్గించి, క్షయ సోకకుండ కాచుటయే వైద్యుని పని.

అట్టి వైద్యులను తయారుచేయు కళాశాల 1986లో కోలారు పట్టణము చెంత టమకలో వెలసినది. నెలకొల్పినది వెనుకబడిన వర్గములకై ఏర్పడిన విద్యా ట్రస్టు. స్థాపకులు శ్రీ ఆర్. ఎల్. జాలప్ప. పెట్టిన పేరు శ్రీ దేవరాజ అరసుది. 1972లో ముఖ్యమంత్రియై, ఆ ఏడే వెనుకబడిన వర్గముల స్థితి విచారించుటకు హావనూరు కమిషనును నియమించినవారు ఆయనయే. చదువు అందనివారికి చదువు, వైద్యము అందనివారికి వైద్యము అను ఆశయము ఆ పేరులోనే కలదు. 2007లో ఈ సంస్థకు విశ్వవిద్యాలయముతో సమానమైన హోదా లభించెను. జాలప్పగారి పేరిట ఉన్న ఆసుపత్రిలో విద్యార్థులు రోగులను చూచి నేర్చుకొందురు.

ఈ జిల్లా రైతులలో, కూలీలలో పెక్కుమంది ఇంట తెలుగు మాటాడువారు. బోరుబావి నీటిలోని ఫ్లోరైడు వలన పండ్లు గారపట్టినవారును కలరు. “గనిలో ఏ పని చేసితిరి? ఏ బావి నీరు త్రాగుచున్నారు?” అని రోగి భాషలో అడుగలేని వైద్యునికి జబ్బు సగమే తెలియును. కావున వైద్యము చదువు మన పిల్లలను మేము కోరునది ఇది: ఇంటి తెలుగును, ఊరి కన్నడమును మరువకుడు, చదువు ముగిసిన పిదప కొన్నేండ్లయినను ఈ సీమలో ఉండుడు. బంగారము తరలిపోయినది, వైద్యులైనను నిలువవలెను.