రిఫ్రిజిరెంట్ల సురక్షిత నిర్వహణ: మెకానిక్‌ల శిక్షణ చరిత్ర

ఫ్రిజ్‌లు, ఏసీలు, హీట్ పంపుల్లో తిరిగే రిఫ్రిజిరెంట్‌ను (వాడుకలో ‘గ్యాస్’) గాలిలోకి వదలకుండా, ప్రమాదానికి తావివ్వకుండా నింపడం, తిరిగి తీయడం, నిల్వ చేయడం మెకానిక్‌లకు నేర్పే వృత్తి శిక్షణ ఇది. వాడే గ్యాస్ మారినప్పుడల్లా పాఠం కూడా మారుతూ వచ్చింది.

తొలినాటి యంత్రాల్లో అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్ వాడేవారు. మూడూ విషపూరితాలే. మొదటి రెండూ లీకైతే ఘాటు వాసన ముందే హెచ్చరించేది; మిథైల్ క్లోరైడ్‌కు ఆ ఘాటు లేదు. ఫ్రిజ్ నుంచి వెలువడిన విషవాయువుకు బెర్లిన్‌లో ఒక కుటుంబం బలైందన్న వార్త చదివాకే ఐన్‌స్టీన్, లియో సిలార్డ్‌లు కదిలే భాగాలు లేని ఫ్రిజ్ తయారీకి పూనుకున్నారని చెబుతారు. దానికి 1930లో అమెరికా పేటెంటు వచ్చింది గానీ, యంత్రం మార్కెట్టుకు చేరలేదు.

అప్పటికే వేరే దారి దొరికింది. 1928లో థామస్ మిడ్‌గ్లీ బృందం సీఎఫ్‌సీలను (క్లోరోఫ్లోరోకార్బన్లను) రిఫ్రిజిరెంట్లుగా ముందుకు తెచ్చింది. 1930లో మిడ్‌గ్లీ ఆ గ్యాస్‌ను రసాయన శాస్త్రవేత్తల సభలో పీల్చి, కొవ్వొత్తి మీదికి ఊది ఆర్పి చూపించాడు. విషం కాదు, మండదు. ‘ఫ్రియాన్’ పేరుతో అది లోకమంతా పాకింది. ప్రాణభయం పోవడంతో జాగ్రత్త కూడా సడలింది. రిపేరుకు ముందు పాత గ్యాస్ వదిలేయడం, పైపుల్లోని గాలిని కొత్త గ్యాస్‌తోనే తరిమేయడం మామూలు పనులయ్యాయి. దశాబ్దాల పాటు దాన్ని ఎవరూ తప్పనుకోలేదు.

ఆ గ్యాస్ ఓజోన్ పొరను తినేస్తుందని 1974లో మొలీనా, రోలండ్ చెప్పారు. అంటార్కిటికా మీద ఓజోన్ రంధ్రం సంగతి 1985లో బయటపడింది. ఇలాంటి పదార్థాలను అరికట్టేందుకు 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. కర్మాగారాల్లో ఉత్పత్తి ఆపించడం ప్రభుత్వాలకు కొంత తేలిక. ఇళ్లలో అప్పటికే తిరుగుతున్న యంత్రాల్లోని గ్యాస్‌ను కాపాడాల్సింది మాత్రం మెకానికే. సర్టిఫికెట్ల చట్టాలు ఇక్కడి నుంచే పుట్టాయి. అమెరికా 1990లో స్వచ్ఛవాయు చట్టాన్ని సవరించి, 1992 జులై 1 నుంచి సీఎఫ్‌సీ, హెచ్‌సీఎఫ్‌సీలను కావాలని గాలిలోకి వదలడాన్ని నిషేధించింది. 1994 నవంబరు నుంచి సర్టిఫికెట్ తప్పనిసరి చేసింది. చిన్న ఉపకరణాలకు, అధిక పీడన యంత్రాలకు, అల్ప పీడన యంత్రాలకు పరీక్షలు వేరువేరు. మూడూ దాటితే ‘యూనివర్సల్’. ఐరోపా సమాఖ్య 2006 నిబంధనతో ఫ్లోరిన్ వాయువులకు ఈ పద్ధతి తెచ్చి, 2024లో ప్రొపేన్ వంటి ప్రత్యామ్నాయాలకూ విస్తరించింది.

భారతదేశం 1992లో మాంట్రియల్ ఒప్పందంలో చేరింది. ఐటీఐల్లో రిఫ్రిజిరేషన్ మెకానిక్ ట్రేడ్ ఉన్నా, షాపులో మేస్త్రీ పక్కన నిలబడి పని నేర్చుకున్నవారే ఎక్కువ. తరగతి గదికి రాని వీళ్లకు ఎలా నేర్పాలన్నదే మన దేశపు అసలు సమస్య. 1990ల చివర్లో స్విట్జర్లాండ్, జర్మనీల సాయంతో ‘హైడెకార్’ కార్యక్రమం, ఆ తర్వాత సీఎఫ్‌సీల జాతీయ ఉపసంహరణ పథకం చిన్న షాపుల మెకానిక్‌లకు కొద్ది రోజుల శిబిరాలు పెట్టి, పనిముట్లు కూడా ఇచ్చాయి. పాఠాలకంటే పనిముట్లదే ముఖ్య పాత్ర అనాలి. వ్యాక్యూమ్ పంపు, రికవరీ యంత్రం లేనివాడికి ఎంత చెప్పినా చేతిలో పద్ధతి మారదు.

శిబిరాల్లో నేర్పేదాంట్లో ఎక్కువ భాగం పాత అలవాట్లు మాన్పించడమే. సీలు వేసిన యంత్రంలో గ్యాస్ దానంతటది తరిగిపోదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. దాన్ని మూయకుండా ఏటా గ్యాస్ పట్టించడం వినియోగదారు డబ్బుకూ వాతావరణానికీ నష్టం. లీకును నైట్రోజన్ పీడనంతో, సబ్బు నురగతో పట్టాలి. నైట్రోజన్‌కు బదులు ఆక్సిజన్ వాడితే అది లోపలి నూనెతో కలిసి పేలే ప్రమాదం ఉంది. తర్వాత వ్యాక్యూమ్ పెట్టి తేమను లాగేయాలి. గ్యాస్‌ను చేతి అంచనాతో కాక తూకం వేసి నింపాలి. రికవరీ సిలిండరును 80 శాతానికి మించి నింపకూడదు. ఎండకు ద్రవం వ్యాకోచించడానికి చోటుండాలి.

సీఎఫ్‌సీల తయారీ మన దేశంలో, ఉబ్బసం ఇన్‌హేలర్ల అవసరాలకు తప్ప, 2008 ఆగస్టుతో ఆగిపోయింది. తర్వాత హెచ్‌సీఎఫ్‌సీ రకపు ఆర్-22 వంతు. దాని స్థానంలోకి వచ్చిన ఆర్-410ఏ ఓజోన్‌కు హాని చేయకపోయినా, వందేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్‌కు 2,000 రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. దానికి బదులుగా వస్తున్న గ్యాసుల్లో ఆర్-32కు కొద్దిగా మండే గుణం ఉంది. ఆర్-290, అంటే ప్రొపేన్, బాగా మండుతుంది. మిడ్‌గ్లీ ఊది పోగొట్టిన అగ్నిభయం ఇలా తిరిగొచ్చింది. గదికి గాలి ఆడేలా చూడటం, నిప్పురవ్వలను దూరం పెట్టడం, పైపులు అతికే ముందు గ్యాస్ పూర్తిగా తీసేయడం మళ్లీ మొదటి పాఠాలయ్యాయి.

2019 మార్చిలో వెలువడిన భారత శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక, 2022-23 నాటికి లక్ష మంది మెకానిక్‌లకు శిక్షణ, సర్టిఫికెట్ ఇవ్వాలని లక్ష్యం పెట్టుకుంది. మాంట్రియల్ ఒప్పందానికి చేసిన కిగాలి సవరణ ప్రకారం భారత్ ఆర్-410ఏ వంటి హెచ్‌ఎఫ్‌సీల వాడకాన్ని 2028లో స్తంభింపజేసి, 2032 నుంచి తగ్గిస్తూ 2047 నాటికి 85 శాతం కోత వేయాలి. అప్పటిదాకా పాత ఆర్-22 ఏసీ, కొత్త ప్రొపేన్ ఏసీ ఒకే మెకానిక్ చేతికి ఒకే రోజున రావచ్చు. లేబులు చదవకుండా పనికి దిగడం ప్రమాదకరం.