బండికీ బండికీ మధ్య ఎడం

రైళ్లు నడిచిన తొలి దశాబ్దాల్లో బ్రిటన్‌లో బండికీ బండికీ మధ్య ఎడాన్ని గడియారం చూసి పాటించేవారు. ఒకటి వెళ్లాక ఇన్ని నిమిషాలు ఆగి ఇంకొకటి వదలాలి, అంతే. ముందు బండి దారిలో నిలిచిపోతే ఆ కబురు వెనుకవాళ్లకు అందే మార్గం లేదు. 1889 జూన్ 12న ఐర్లండ్‌లోని ఆర్మా దగ్గర, పిల్లలతో కిక్కిరిసిన విహారయాత్ర రైలు ఎత్తు ఎక్కలేక ఆగిపోయింది. బండిని విడదీసి ముందు పెట్టెలను తీసుకుపోదామనుకున్నారు సిబ్బంది. సరైన బ్రేకుల్లేని వెనుక పెట్టెలు వాలులో కిందికి జారి, వ్యవధి పాటించి వదిలిన తర్వాతి రైలును ఢీకొన్నాయి. దాదాపు 80 మంది చనిపోయారు. ఆ ఏడాదే బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసి బ్లాక్ పద్ధతికి దారి వేసింది. లైనును ముక్కలు చేసి, ఒక ముక్కలో ఒక్క బండినే ఉంచడం ఆ పద్ధతి.

ఎడం తగ్గించాలంటే ముందు బండి తోక ఎక్కడుందో నిశ్చయంగా తెలియాలి. మన రైళ్లలో చివరి పెట్టెకు తగిలించే ‘ఎల్‌వి’ (లాస్ట్ వెహికల్) పలక అందుకే. అది కనిపిస్తేనే బండి మొత్తం వచ్చేసినట్టు, అప్పుడే వెనుక స్టేషనుకు లైన్ క్లియర్. మనిషి చూపు చేసే ఈ పనిని పట్టాలకే అప్పగించినవాడు అమెరికన్ విలియం రాబిన్సన్. 1872లో ఆయన రూపొందించిన ట్రాక్ సర్క్యూట్‌లో, పట్టాల్లో పారే కరెంటును చక్రాలు దారి మళ్లించగానే సిగ్నల్ ఎర్రబడుతుంది. ఆటోమేటిక్ సిగ్నళ్లు దీని మీదే పెరిగాయి. స్టేషన్ల మధ్య ఒకదాని వెనుక ఒకటిగా ఎన్నో బండ్లు నడిచే వీలు కలిగింది. సిగ్నల్ చెడినప్పుడు మాత్రం భారమంతా మళ్లీ మనిషి మీదే. 2023 అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి–అలమండ మధ్య, అలాంటి ఆటోమేటిక్ సెక్షన్లోనే, పలాస బండిని రాయగడ బండి వెనుక నుంచి ఢీకొట్టింది. పదిమందికి పైగా ప్రాణాలు పోయాయి.

1980ల మధ్యలో కెనడాలోని టొరంటో, వాంకూవర్‌లలో ముక్కల హద్దులే చెరిగిపోయాయి. సెల్‌ట్రాక్ అనే విధానంలో ప్రతి బండీ తానున్న చోటు కంట్రోల్‌కు చెబుతూ పోతుంది, వెనుక బండికి ఖాళీ దారి క్షణక్షణం లెక్కకట్టి అందుతుంది. దీన్నే మూవింగ్ బ్లాక్ అంటారు. 2017 నవంబరులో మొదలైన హైదరాబాద్ మెట్రో ఈ సెల్‌ట్రాక్ వంశానిదే.

అయితే మూవింగ్ బ్లాక్ కూడా ముందు బండి ఉన్నచోటే గోడలా నిలిచిపోతుందనే లెక్క వేస్తుంది. గంటకు 160 కిలోమీటర్ల వేగంలో, సెకనుకు సెకనుకు 0.7 మీటర్ల చొప్పున వేగం తగ్గితే ఆగడానికి సుమారు 1,400 మీటర్లు కావాలి. ఆ ఎడమంతా ఖాళీగా ఉండాల్సిందే. కానీ ముందు బండికీ ఆగడానికి దూరం కావాలి కదా! ఈ మాట మీద నిలిచిందే వర్చువల్ కప్లింగ్. రెండు బండ్లు రేడియోలో తమ వేగం, బ్రేకుల స్థితి చెప్పుకుంటూ, కొక్కెం లేకుండానే ఒకే బండిలా సాగుతాయి. యూరప్‌లో షిఫ్ట్2రైల్ కార్యక్రమం దీన్ని లోతుగా పరిశీలించింది.

నాకు ఇందులో ఆశా ఉంది, భయమూ ఉంది. భయమల్లా ముందు బండి పట్టాలు తప్పితే ఏమవుతుందన్నదే. అప్పుడది నిజంగానే గోడలా ఆగిపోతుంది. ఇంతకాలం మనల్ని కాచిన లెక్కను వదులుకుంటున్నామని ఇంజినీర్లు బాహాటంగా చెప్పి, ఎంత ప్రమాదాన్ని ఒప్పుకోవచ్చో ప్రజల ముందు తేల్చాలి. పాయింట్ల దగ్గర చిక్కు వేరే. రెండు బండ్లు వేర్వేరు లైన్లకు మళ్లాలంటే వాటి మధ్య పాయింట్లు కదిలి, బిగిసి, తాళం పడాలి. అంతసేపూ ఎడం మళ్లీ పెరగాలి. ప్లాట్‌ఫాం మీద నిమిషాల తరబడి ఆగే బండ్లున్న చోట, దారిలో కలిసొచ్చిన సెకన్లు అక్కడే ఖర్చయిపోతాయి. అందుకే అన్నీ ఒకే తీరు బండ్లు తిరిగే నగర లైన్లలోనే ఇది ముందు పనికొస్తుందని నా నమ్మకం.

మన ప్రధాన మార్గాల్లో అంతకుముందే తీరాల్సిన పనులున్నాయి. దక్షిణ మధ్య రైల్వేలో పరీక్షలు జరుపుకొని, 2020లో జాతీయ రక్షణ వ్యవస్థగా ఖరారైన కవచ్, ఎర్ర సిగ్నల్ దాటబోయే బండికి తానే బ్రేకు వేస్తుంది. ఎడాన్ని మాత్రం తగ్గించదు, ఉన్న బ్లాకులనే కాపాడుతుంది. ఎడం తగ్గాలంటే, గూడ్సు బండికి కప్లింగ్ తెగి వెనుక వ్యాగన్లు దారిలో ఉండిపోతే, ఆ సంగతి బండే తక్షణం చెప్పగలగాలి. అది కుదిరేదాకా పట్టాల పక్కన ఇరుసులను లెక్కపెట్టే యంత్రాలను తీసేయడానికి లేదు. అవి ఉన్నంతకాలం ముక్కల హద్దులూ ఉంటాయి.