బతికిన మొక్కకే లెక్క

ప్రతి వానాకాలం మన ఊళ్లలో మొక్కలు నాటుతూనే ఉన్నాం. ఎన్ని నాటారని అడిగేవాళ్లు చాలామంది. ఎన్ని బతికాయని అడిగేవాళ్లు తక్కువ. ఈ రెండో ప్రశ్ననే పట్టుకుని కెన్యా దేశంలో పల్లెటూరి ఆడవాళ్లు కోట్ల చెట్లు పెంచారు. సంఘంలో ఉన్న ప్రతి అక్కా వినాల్సిన కథ అది.

కెన్యా తూర్పు ఆఫ్రికాలో ఉంది. మనలాగే ఇంగ్లిషువాళ్ల పాలన చూసిన దేశం, 1963లో స్వతంత్రం వచ్చింది. కొండల మీద అడవి కొట్టి తేయాకు, కాఫీ తోటలు వేయడం దొరల కాలంలో మొదలైంది, వాళ్లు పోయాక కూడా ఆగలేదు. అడవి పోతే ముందు ఎవరికి తెలుస్తుంది? పొయ్యి ముందు కూర్చునే మనిషికి. కట్టెల కోసం నడిచే దూరం పెరిగింది. వాగులు ఎండాయి, వానకు మట్టి కొట్టుకుపోయింది. ఇంకో సంగతి ఉంది, అది మామూలుగా ఎవరికీ తట్టదు. కట్టెలు చాలక, ఎక్కువసేపు ఉడకాల్సిన గింజలు తగ్గించి తొందరగా అయ్యే తిండికి మళ్లారు. దాంతో పిల్లల ఒంట్లో బలం తగ్గింది.

పల్లె ఆడవాళ్లు చెప్పిన ఈ కష్టాలు విన్నది వంగారి మాతాయ్. 1940లో ఇహితే అనే పల్లెలో పుట్టారు. తూర్పు, మధ్య ఆఫ్రికాలో డాక్టరేట్ తెచ్చుకున్న మొదటి మహిళ ఆమే. చిన్నప్పుడు వాళ్ల ఇంటి దగ్గర మేడి జాతి పెద్ద చెట్టు ఒకటి ఉండేది. అది దేవుడి చెట్టు, దాని కింద పుల్ల కూడా ఏరొద్దని అమ్మ చెప్పేది. దాని పక్కనే నీటి ఊట. పెద్ద చదువులు చదివి తిరిగొచ్చేసరికి చెట్టు కొట్టేసి తేయాకు వేశారు, ఊట ఎండిపోయింది. మన దగ్గర రావిచెట్టు కొట్టొద్దని ముసలివాళ్లు అనే మాటలో కూడా ఇట్లాంటి ఎరుకే ఉందని నాకు అనిపిస్తుంది.

1977 జూన్ 5న, కెన్యా మహిళల జాతీయ మండలి తరఫున, నైరోబీలో ఒక పార్కులో ఏడు మొక్కలు నాటారు. వాటిలో నిలిచినవి రెండే. ఆరంభం అంత గొప్పగా ఏం లేదన్నమాట.

తర్వాత పల్లెల్లో మహిళా సంఘాలు ముందుకొచ్చాయి. మొదట అటవీశాఖవాళ్లు నవ్వారట. ఆడవాళ్లు ఎన్ని నాటుతారులే అనుకుని, నారు మొక్కలు ఊరికే ఇస్తామన్నారు. ఏడాది తిరక్కముందే అడిగేవాళ్లు ఎక్కువై, ఊరికే ఇవ్వలేం, డబ్బు కట్టమన్నారు! నర్సరీ ఎట్లా పెట్టాలో నేర్పడానికి అధికారులు వచ్చారు గానీ వాళ్ల మాటలు ఎవరికీ అర్థం కాలేదు. జొన్న, చిక్కుడు విత్తడం వచ్చిన చేతులకు చెట్టు గింజ విత్తడం ఎందుకు రాదు? దగ్గరి చెట్ల గింజలు ఏరుకొచ్చారు. పగిలిన కుండల్లో మట్టి పోసి విత్తారు. కోళ్లకు, మేకలకు అందకుండా ఎత్తు మీద పెట్టారు. ఏది మొలిచిందో, ఏది మొలవలేదో చూసుకుంటూ ఒకరికొకరు నేర్పుకున్నారు. డిప్లొమా లేని ఫారెస్టు ఆఫీసర్లని వాళ్లకు పేరొచ్చింది.

డబ్బు విషయంలోనే వాళ్ల తెలివి బాగా కనిపిస్తుంది. మొక్కకు అమెరికా లెక్కలో నాలుగు సెంట్లు, అంటే చాలా చిన్న మొత్తం, ఇచ్చేవారు. అదీ నాటినందుకు కాదు, బతికినందుకు. దాంతో నాటిన మర్నాటి నుంచే నీళ్లు పోయడం, కంచె కట్టడం సంఘం పని అయింది. వెయ్యికి తగ్గకుండా వరుసలు నాటమన్నారు. ఆ పచ్చటి పట్టీల వల్లనే గ్రీన్ బెల్ట్ ఉద్యమం అని పేరు పడింది. మన తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం కూడా నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని చెప్పింది. అయితే ఆ బాధ్యత సర్పంచ్, కార్యదర్శుల మీద పెట్టింది. కెన్యాలో నీళ్లు పోసిన చేతికే పైసలు అందాయి. నా మటుకు అదే గట్టి పద్ధతి.

చెట్లు పెంచినంత కాలం సర్కారుకు ఇబ్బంది లేదు. 1989లో నైరోబీ నడిబొడ్డున ఉహురు పార్కులో అరవై అంతస్తుల భవనం కడతామంటే మాతాయ్ అడ్డుపడ్డారు. పార్లమెంటులో ఆమెను ఎగతాళి చేశారు, ఉద్యమం ఆఫీసును ఖాళీ చేయించారు. చివరికి భవనమే ఆగిపోయింది. 1999లో కరూర అడవిని కాపాడబోతే తల పగిలేలా కొట్టారు. ఆ అడవి ఇవాళ కూడా ఉంది.

2004లో ఆమెకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది, ఆఫ్రికా ఆడవాళ్లలో మొదటిసారి. అప్పటికి సంఘాలు నాటిన చెట్లు మూడు కోట్లు. 2011 సెప్టెంబర్ 25న చనిపోయారు. తన కోసం చెట్టు కొట్టి శవపేటిక చేయొద్దని ముందే చెప్పారు. అందుకని వెదురు, రెల్లు, చెరువుల్లో పెరిగే గుర్రపుడెక్కతో అల్లిన పెట్టెలో ఆమెను సాగనంపారు.