ఒకసారి వెనక్కి తిరిగిన యాత్రికుడు

పోయిన వేసవి సెలవుల్లో మా అత్త పెళ్లికి పట్టుచీరలు కొనడానికి ఇంట్లో అందరం కంచికి పోయినాము. బడి తెరిచాక ఆ సంగతి చెప్తే మా సోషల్ మాస్టారు నవ్వి, "నువ్వు బస్సులో పోయి వచ్చినావు. ఇంచుమించు 1400 ఏళ్ల కిందట ఒకాయన చైనా నుంచి కంచికి వచ్చినాడు, తెలుసునా?" అన్నారు. ఆయనే హుయన్‌త్సాంగ్. చిన్న తరగతిలో హర్షవర్ధనుడి పాఠంలో ఆయన పేరు రెండు లైన్లలో చదివి, పరీక్ష రాసి మరిచిపోయినాను. ఈసారి ఆయన కథ పూర్తిగా తెలుసుకున్నాను. అది మీకు కూడా చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

హుయన్‌త్సాంగ్ చైనాలో క్రీ.శ. 602 ప్రాంతంలో పుట్టాడు. చిన్న వయసులోనే బౌద్ధ మఠంలో చేరాడు. ఎందరో గురువుల దగ్గర చదివాడు. కానీ ఒక్కో గురువు ఒక్కో అర్థం చెప్పేవారు. చైనా భాషలోకి వచ్చిన గ్రంథాలు కూడా ఒకదానితో ఒకటి కలిసేవి కావు. అసలు గ్రంథాలు పుట్టిన చోటికే పోయి, ఆ భాషలోనే చదవాలని ఆయన నిశ్చయించుకున్నాడు. ఆ చోటు మన భారతదేశం.

అప్పుడు దేశం దాటి పోకూడదని తాంగ్ చక్రవర్తి తైజాంగ్ ప్రభుత్వం నిషేధం పెట్టింది. అనుమతి అడిగితే దొరకలేదు. తోడు వస్తామన్నవాళ్లు మానుకున్నారు. ఆయన మాత్రం 629 ప్రాంతంలో దొంగచాటుగా బయలుదేరాడు. పగలు దాక్కుని, రాత్రి నడిచేవాడు. సరిహద్దులో కావలి బురుజు దగ్గర నీళ్లు పట్టుకుంటుంటే సైనికులు బాణాలు వేశారు. ఒక బాణం కొంచెంలో మోకాలికి తగిలేది.

ఆ తరువాత ఎడారి. ఇక్కడే నాకు బాగా నచ్చిన సంఘటన ఉంది. దీన్ని ఆయన శిష్యుడు హుయిలి జీవితచరిత్రలో రాశాడు. తోడు వచ్చిన మనిషి నడిమధ్యలో వదిలిపోయాడు. మిగిలింది ఒక ముసలి ఎర్ర గుర్రం. నీళ్లు తాగబోతుండగా తోలుతిత్తి చెయ్యి జారి పడి, నీళ్లన్నీ ఇసుకలో ఇంకిపోయాయి. దారి కూడా తప్పింది. అప్పుడు హుయన్‌త్సాంగ్ ఏం చేశాడు? వెనక్కి తిరిగాడు!

అవును, అంత గొప్ప యాత్రికుడు కూడా భయపడి వెనక్కి తిరిగాడు. పది లీ దూరం, అంటే మన లెక్కలో నాలుగైదు కిలోమీటర్లు, తూర్పు వైపు నడిచాడు. అప్పుడు తాను పెట్టుకున్న ఒట్టు గుర్తుకొచ్చింది. భారతదేశం చేరేదాకా తూర్పుకు ఒక్క అడుగు కూడా వేయనని ఆ ఒట్టు. అన్న మాట తప్పి బ్రతకడం కంటే పడమటికి పోతూ చనిపోయినా మేలనుకుని గుర్రాన్ని మళ్లీ పడమటికి తిప్పాడు. నాలుగు రాత్రులు, ఐదు పగళ్లు నీటి చుక్క లేదు. ప్రార్థన చేస్తూ ఇసుకలో పడిపోయాడు. ఐదో రాత్రి చల్లగాలి వీచింది. లేచి కొంచెం దూరం పోయాక, గుర్రం తనంతట తాను వేరే దారి పట్టింది. ఆపినా ఆగలేదు. అది తీసుకుపోయిన చోట పచ్చగడ్డి, నీటి గుంట ఉన్నాయి. ఆ గుర్రం అంతకుముందు ఆ దారిలో చాలాసార్లు తిరిగింది.

తరువాత కావొచాంగ్ రాజు ఆయన్ని ఎంతో మర్యాదగా చూసి, ఇక్కడే ఉండిపొమ్మని బలవంతం చేశాడు. కష్టంలో ముందుకు పోవడం ఒక పరీక్షయితే, సుఖంలో కూర్చోకుండా లేచి పోవడం ఇంకో పరీక్ష. హుయన్‌త్సాంగ్ మూడు రోజులు నీళ్లు కూడా ముట్టలేదు. రాజు దిగివచ్చి గుర్రాలు, మనుషులు, దారిలోని రాజులకు ఉత్తరాలు ఇచ్చి పంపాడు. మంచు కొండలు దాటేటప్పుడు ఆ మనుషుల్లో చాలామంది చలికి చనిపోయారు.

చివరికి ఆయన నలంద చేరి శీలభద్రుడనే వృద్ధ గురువు దగ్గర చదివాడు. తరువాత దక్షిణానికి వచ్చాడు. మన కృష్ణానది ఒడ్డున ధాన్యకటకంలో, అంటే నేటి అమరావతి ప్రాంతంలో, కొన్ని నెలలు ఉండి అక్కడి భిక్షువుల దగ్గర పాఠాలు నేర్చుకున్నాడు, తనకు తెలిసినవి వాళ్లకు చెప్పాడు. ఆంధ్రదేశపు మాట మధ్యదేశపు మాటకంటే వేరుగా ఉందని, అక్షరాల తీరు మాత్రం చాలావరకు ఒకటేనని రాశాడు. ఎక్కడో పుట్టినవాడు మనవాళ్ల మాటను శ్రద్ధగా విన్నాడని చదివినప్పుడు నాకు చాలా సంతోషమైంది. అక్కడి నుంచి కంచికి వచ్చాడు. లంకకు పోవాలనుకున్నాడు గానీ, అక్కడ రాజు చనిపోయి కరువు వచ్చిందని తెలిసి మానుకున్నాడు.

645లో చైనాకు తిరిగి చేరినప్పుడు 20 గుర్రాల మీద 657 గ్రంథాలు తెచ్చాడు. సింధునది దాటేటప్పుడు కొన్ని నీళ్లపాలైతే, ఆగి మళ్లీ నకళ్లు రాయించుకున్నాడు. చెప్పకుండా పోయినవాడిని శిక్షిస్తారేమో అనుకుంటే, అదే చక్రవర్తి గౌరవించాడు. ఆయన 664లో చనిపోయేదాకా ఆ గ్రంథాలను చైనా భాషలోకి మారుస్తూనే ఉన్నాడు. ఆయన రాసిన యాత్రా వృత్తాంతం మనకూ ఉపయోగపడింది. 19వ శతాబ్దంలో కన్నింగ్‌హామ్ అనే ఇంగ్లీషు అధికారి దాన్ని చేతిలో పెట్టుకుని నలంద లాంటి పాత స్థలాలను గుర్తించాడు.

నేను ఇప్పుడు పదో తరగతి. మా ఊళ్లో తెలుగు మీడియం ఇంతటితో సరి. వచ్చే సంవత్సరం ప్లస్ వన్‌కు టౌన్‌లో వేరే మీడియం బడికి పోవాలి. క్లాసులో నాకు మాటలు రాకపోతే నవ్వుతారేమో అని రాత్రి నిద్ర పట్టదు. చదువు ఆపేస్తానని ఒకరోజు మా అమ్మతో అనేసినాను కూడా. అమ్మ ఏమీ అనలేదు, చాలాసేపు నా పక్కనే కూర్చుంది.

ఈ కథ చదివాక ఆ మాట అన్నందుకు నాకు సిగ్గు తగ్గింది. నమ్మకం ఉన్నవాడికి భయమే ఉండదని నేను అనుకునేదాన్ని. అది నిజం కాదు. ఆయన కూడా పది లీ వెనక్కి నడిచాడు. కానీ అక్కడే ఆగిపోలేదు, మళ్లీ తిరిగాడు. నేను అన్న ఆ ఒక్క మాటే నా పది లీ అనుకుంటాను. జూన్‌లో ఆ బడికి పోతాను. నేర్చుకున్నది మన తెలుగులో రాసి మళ్లీ ఈ పత్రికకే పంపుతాను.